అమెరికాలో ఉన్న భర్త లేదా భార్య దగ్గరికి వెళ్ళాలంటే: వీసా దారులు, తేదీలు, కాగితాలు

పెళ్ళి మాటల్లో అబ్బాయి జీతం, ఉండే ఊరు, కొన్న ఇల్లు అన్నీ వివరంగా అడిగే పెద్దలు అసలు సంగతిని మాత్రం ఒక్క మాటతో దాటేస్తారు: “అమెరికాలో స్థిరపడ్డాడు.” ఆ మాట వెనుక ఆరేడు రకాల పరిస్థితులు ఉండవచ్చు. చదువు పూర్తిచేసి తాత్కాలిక అనుమతి మీద పనిచేస్తూ ఉండవచ్చు, హెచ్‌-1బి అనే ఉద్యోగ వీసా మీద ఉండవచ్చు, గ్రీన్‌కార్డు వచ్చి ఉండవచ్చు, పౌరుడే అయి ఉండవచ్చు. పెళ్ళయ్యాక మీరు ఎప్పుడు వెళ్తారు, వెళ్ళాక ఉద్యోగం చేయగలరా అన్నవి ఈ తేడా మీదే ఆధారపడతాయి.

చాలామంది ఊహించని విషయం ఒకటి ఉంది. హెచ్‌-1బి మీద ఉన్న వ్యక్తిని పెళ్ళాడిన అమ్మాయి కొన్ని నెలల్లో విమానం ఎక్కవచ్చు. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక పెళ్ళి చేసుకున్న వ్యక్తి భార్య మాత్రం ఏళ్ళ తరబడి పుట్టింట్లో ఎదురుచూడాల్సి రావచ్చు. “గ్రీన్‌కార్డు సంబంధం” అని సంబరపడి, నిశ్చితార్థం అయ్యాక ఈ మాట తెలిసి దిగాలుపడిన కుటుంబాలను నేను దగ్గరగా చూశాను. అందుకే దరఖాస్తు సంగతికి వెళ్ళేముందు, ముహూర్తం పెట్టుకోకముందే తెలుసుకోవాల్సిన విషయాలతో మొదలుపెడతాను. ఇక్కడ చెప్పే నియమాలు భార్యకైనా భర్తకైనా ఒకటే. అమ్మాయి అమెరికాలో ఉండి అబ్బాయి వెళ్ళాల్సిన సంబంధాలు ఇప్పుడు తక్కువేమీ కాదు.

మొదటి అడుగు: వాళ్ళ చేతిలోని కాగితం చదవండి

మనకు నచ్చిన వీసాను ఎంచుకునే వీలు ఇక్కడ లేదు. మీ భాగస్వామి హోదాను బట్టే మీ వీసా. కాబట్టి ముందు ఆ హోదాకు రుజువు చూడండి. హెచ్‌-1బి అయితే ఐ-797 అనే ఆమోద పత్రం ఉంటుంది. దాని మీద మూడు అక్షరాలు, పది అంకెలు కలిసిన రసీదు సంఖ్య ఉంటుంది. అమెరికా పౌరసత్వ, వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌ వెబ్‌సైటులో ఆ సంఖ్య కొడితే కేసు ఏ స్థితిలో ఉందో ఎవరైనా చూసుకోవచ్చు. విద్యార్థి అయితే కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం, పనిచేస్తూ ఉంటే ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఉంటాయి. గ్రీన్‌కార్డు అయితే కార్డు మీదే ఏ రోజు నుంచి శాశ్వత నివాసి అయ్యారో ముద్రించి ఉంటుంది. ఆ తేదీని రాసి పెట్టుకోండి, దానితో తర్వాత పెద్ద పని ఉంది.

ఇవి అడగడానికి మొహమాటపడకండి. జాతకం అడిగినప్పుడు రాని సంకోచం ఇక్కడ ఎందుకు? నిజాయితీ గల సంబంధం వాళ్ళు అడిగిన రోజే పంపిస్తారు.

రెండో అడుగు: మీ దారి ఏదో తేల్చుకోండి

భాగస్వామి హెచ్‌-1బి మీద ఉంటే మీది హెచ్‌-4. మన తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది నడిచే దారి ఇదే. మీ కోసం కంపెనీ వేరే పిటిషన్ వేయనక్కర్లేదు. ఐ-797, పెళ్ళి రుజువులు పట్టుకుని మీరే నేరుగా కాన్సులేట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. తిరిగి ఇండియాకు వచ్చేస్తామని నిరూపించాల్సిన భారం ఈ వీసాకు లేదు. అక్కడికి వెళ్ళాక కాలేజీలో చేరి పూర్తికాలం చదువుకోవచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 2015 మే 26 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, మీ భాగస్వామికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చి ఉన్నా, గ్రీన్‌కార్డు ప్రక్రియ కారణంగా హెచ్‌-1బి ఆరేళ్ళ గడువు దాటి పొడిగింపు దొరికి ఉన్నా, మీరు ఐ-765 వేసి పని అనుమతి తెచ్చుకోవచ్చు. ఇక్కడ మంచి ఉద్యోగంలో ఉన్న అమ్మాయి అబ్బాయిని అడగాల్సిన మొదటి ప్రశ్న “ఐ-140 వచ్చిందా?” అన్నదే. రాలేదంటే సంబంధం వద్దనుకోవాలని కాదు. కొన్నేళ్ళు ఉద్యోగం లేకుండా ఉండటానికి మనసును, ఆర్థిక పరిస్థితిని ముందే సిద్ధం చేసుకోవచ్చు, లేదా అక్కడ చేసే చదువు గురించి ఇప్పుడే ఆలోచించుకోవచ్చు. తెలిసి వెళ్ళడం వేరు, దిగాక తెలియడం వేరు.

భాగస్వామిని కంపెనీ బదిలీ మీద ఎల్‌-1తో పంపి ఉంటే మీది ఎల్‌-2. ఉద్యోగం విషయంలో ఇది హెచ్‌-4 కంటే ఎంతో మెరుగు. 2021 నవంబర్ నుంచి ఎల్‌-2 జీవిత భాగస్వాములకు హోదాతోపాటే పనిచేసే హక్కు వస్తోంది. అమెరికాలో అడుగుపెట్టాక ఇచ్చే ఐ-94 పత్రం మీద ‘ఎల్‌-2ఎస్‌’ అని ఉందో లేదో చూసుకుంటే చాలు.

భాగస్వామి విద్యార్థి అయితే మీది ఎఫ్‌-2. చదువు అయ్యాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద పనిచేస్తున్నా వాళ్ళది విద్యార్థి హోదానే, మీది ఎఫ్‌-2నే. కాలేజీ మీ పేరు మీద వేరే ఐ-20 ఇవ్వాలి. విద్యార్థుల నమోదు కోసం కట్టే సెవిస్ రుసుము మీరు మళ్ళీ కట్టనక్కర్లేదు. ఇందులో ఉద్యోగం లేదు, పూర్తికాల డిగ్రీ చదువూ లేదు. పైగా ఇక్కడికి తిరిగి వస్తారని అధికారిని ఒప్పించాలి, ఖర్చులకు డబ్బుందని చూపించాలి. తిరస్కరణలకు ఎక్కువ ఆస్కారం ఉన్న దారి ఇది. హెచ్‌-1బి లాటరీలో పేరు వచ్చిన విద్యార్థి అయితే అక్టోబర్ 1 తర్వాత ఆయన హోదా హెచ్‌-1బిగా మారేదాకా ఆగి, నేరుగా హెచ్‌-4కు వెళ్ళడం మేలని నా అభిప్రాయం. ఇప్పటికే ఎఫ్‌-2 మీద అక్కడ ఉన్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆయన హోదా మారితే మీది దానంతటదే మారదు. హోదా మార్పుకో పొడిగింపుకో వేసే ఐ-539 దరఖాస్తును మీరు విడిగా వేయాలి.

ఇక గ్రీన్‌కార్డు దారి. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళు ఇక హెచ్‌-1బిలో ఉండరు కాబట్టి మీకు హెచ్‌-4 ఉండదు. వాళ్ళు మీ కోసం ఐ-130 అనే పిటిషన్ వేయాలి. రుసుము ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద వేస్తే 675. మీరు చేరే వరుస పేరు ఎఫ్‌2ఎ. ఏటా ఇచ్చే వీసాలకు పరిమితి ఉంది కాబట్టి ఈ వరుసలో నిరీక్షణ ఏళ్ళలో ఉండవచ్చు. అమెరికా విదేశాంగ శాఖ ప్రతి నెలా విడుదల చేసే వీసా బులెటిన్‌లో ఎఫ్‌2ఎ తేదీ మీ ఐ-130 వేసిన తేదీని దాటినప్పుడే మీ వంతు. ఊరట కలిగించే విషయం ఒకటుంది. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో భారతీయులకు ఉన్న దారుణమైన క్యూ ఇక్కడ లేదు. ఈ వరుసలో 75 శాతం వీసాలకు దేశాలవారీ పరిమితి వర్తించదు. కాబట్టి మనకూ ఇతర దేశాలవారికీ సాధారణంగా ఒకే తేదీ నడుస్తుంది. మీ స్థానం పిటిషన్ వేసిన రోజుతోనే ఖాయమవుతుంది కాబట్టి, పెళ్ళి సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోనే ఐ-130 వేయించండి. ఆషాఢం, శ్రావణం అంటూ జాప్యం చేసిన ప్రతి నెలా మీ నిరీక్షణకు తోడవుతుంది. గ్రీన్‌కార్డుదారు పౌరసత్వం తీసుకున్న రోజున మీ కేసు వరుస నుంచి బయటపడుతుంది. పౌరుల జీవిత భాగస్వాములకు వరుసే లేదు.

రాసి పెట్టుకోమన్న తేదీ సంగతి ఇప్పుడు. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చిన వ్యక్తికి, ఆ కార్డు రావడానికి ముందే పెళ్ళయి ఉంటే, జీవిత భాగస్వామి కూడా ఆ కేసులో భాగమే. వెనకనుంచి చేరే హక్కు ఉంటుంది. ఐ-824 ద్వారా ఆ కేసును కాన్సులేట్‌కు పంపించి, ఎఫ్‌2ఎ వరుసతో పనిలేకుండా వెళ్ళవచ్చు. కార్డు తర్వాత పెళ్ళయితే ఈ హక్కు ఉండదు. పెళ్ళి తేదీ ముందా, కార్డు తేదీ ముందా అన్నదే ప్రశ్న. ఒక్క రోజు తేడా చాలు. ఐ-485 (గ్రీన్‌కార్డు కోసం అమెరికాలోనే వేసే దరఖాస్తు) నడుస్తున్న అబ్బాయికి సంబంధం కుదిరితే, ఏ రోజైనా కార్డు రావచ్చని తెలిసి కూడా పెళ్ళిని మాఘమాసానికి వాయిదా వేయడం ఎంత నష్టమో పెద్దలకు విడమరిచి చెప్పండి. అలాంటి పరిస్థితిలో వలస న్యాయవాదితో ఒక గంట మాట్లాడటానికి అయ్యే ఖర్చు, తర్వాత ఎదురుచూసే ఏళ్ళ ముందు చాలా చిన్నది.

పౌరుల విషయం సులువు. వాళ్ళూ ఐ-130 వేస్తారు, వరుస ఉండదు, ప్రక్రియకు పట్టే కాలమే నిరీక్షణ. మీరు అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్ళయి రెండేళ్ళు కాకపోతే సీఆర్‌-1 మీద వెళ్తారు, రెండేళ్ళకే చెల్లే షరతుల గ్రీన్‌కార్డు వస్తుంది. ఆ గడువుకు ముందు 90 రోజుల్లో షరతులు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. రెండేళ్ళు దాటి ఉంటే ఐఆర్‌-1, పదేళ్ళ కార్డు. నిశ్చితార్థం మాత్రమే అయినవాళ్ళకు కె-1 అనే దారి ఉంది. అక్కడికి వెళ్ళాక 90 రోజుల్లో పెళ్ళి చేసుకోవాలి. దరఖాస్తుకు ముందు రెండేళ్ళలో ఒక్కసారైనా ఇద్దరూ ముఖాముఖి కలిసి ఉండాలి. అయితే ఇక్కడ శాస్త్రోక్తంగా పెళ్ళి జరిగిపోయి, రిజిస్టర్ చేయించలేదు కాబట్టి కె-1 వేద్దామనుకోవడం పెద్ద పొరపాటు. తాళి కట్టి సప్తపది నడిచాక మీరు కాబోయే దంపతులు కారు, దంపతులే.

మూడో అడుగు: పెళ్ళికి చట్టబద్ధమైన రుజువు

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. వీసా అపాయింట్‌మెంట్ త్వరగా దొరకాలని, అసలు పెళ్ళికి మూడు నాలుగు నెలల ముందే రిజిస్ట్రార్ కార్యాలయంలో హిందూ వివాహ చట్టం కింద సర్టిఫికెట్ తీసుకోవడం మన దగ్గర వాడుకగా మారింది. 2024లో సుప్రీంకోర్టు జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టిన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ఈ అలవాటును నేరుగా ప్రస్తావించింది. హిందూ వివాహ చట్టంలోని 7వ సెక్షన్ ప్రకారం ఆచారబద్ధంగా క్రతువు జరగకపోతే, 8వ సెక్షన్ కింద తెచ్చుకున్న సర్టిఫికెట్ దానికదే పెళ్ళి కాదని తేల్చి చెప్పింది. వీసాల కోసం ఇలా ముందుగా రిజిస్టర్ చేయించుకుంటున్న సంగతిని కూడా తీర్పులో గుర్తుచేసింది.

ముందే కాగితం కావాలనుకుంటే రెండు సక్రమమైన మార్గాలున్నాయి. గుడిలో కొద్దిమంది సమక్షంలో జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, సప్తపదితో నిజంగానే పెళ్ళి జరిపించి, దాన్ని రిజిస్టర్ చేయించి, పెద్ద వేడుకను తర్వాత పెట్టుకోవచ్చు. లేదా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఇచ్చి పెళ్ళి చేసుకోవచ్చు. అక్కడ రిజిస్ట్రార్ ఎదుట జరిగేదే పెళ్ళి. ఏ దారి పట్టినా, సర్టిఫికెట్ మీది పెళ్ళి తేదీ, శుభలేఖలోని తేదీ, ఇంటర్వ్యూలో మీరు చెప్పే తేదీ ఒకదానితో ఒకటి పొంతన కుదరాలి. రెండు వేడుకలు జరిగితే రెండూ జరిగాయనే చెప్పండి.

రిజిస్ట్రేషన్‌కు శుభలేఖ, పెళ్ళి ఫొటోలు, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, సాక్షులు కావాలి. అబ్బాయి సెలవు రెండు మూడు వారాలే ఉంటుంది కాబట్టి పెళ్ళి జరిగిన వారంలోనే ఈ పని ముగించండి. ఆయన విమానం ఎక్కాక సంతకం కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

నాలుగో అడుగు: పేర్లు సరిచూసుకోండి

ఇంటిపేరు మన వాళ్ళకు తెచ్చిపెట్టే చిక్కులు ఇన్నీ అన్నీ కావు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే చోట రాసి ఉంటే, వీసా మీద అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని పడుతుంది. ఆ మూడక్షరాలు తర్వాత డ్రైవింగ్ లైసెన్సు మీదికీ బ్యాంకు ఖాతాలోకీ పాకుతాయి. వీసాకు వెళ్ళకముందే పాస్‌పోర్టులో రెండు గడులూ సరిచేయించుకోవడం మంచిది.

పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరుకు మారాలన్న నిబంధన ఏదీ లేదు. పుట్టింటి పేరుతోనే హెచ్‌-4 నిక్షేపంగా వస్తుంది. మార్చుకోదలిస్తే మాత్రం అన్నిచోట్లా మార్చండి, సగం మార్చి సగం వదిలేయవద్దు. పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్ ముందు పరుచుకుని పేర్లలో ప్రతి అక్షరాన్నీ పోల్చి చూడండి.

అయిదో అడుగు: హైదరాబాద్‌లో దరఖాస్తు, ఇంటర్వ్యూ

హెచ్‌-4, ఎల్‌-2, ఎఫ్‌-2 మూడింటికీ డీఎస్‌-160 అనే ఆన్‌లైన్ దరఖాస్తు నింపాలి. రుసుము హెచ్‌, ఎల్‌ తరగతులకు 205 డాలర్లు, ఎఫ్‌-2కు 185. గత అయిదేళ్ళలో వాడిన సామాజిక మాధ్యమాల ఖాతాల పేర్లు కూడా అందులో అడుగుతారు, దేన్నీ దాచకండి. 2025 డిసెంబర్ 15 నుంచి హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారుల ఆన్‌లైన్ ఉనికిని కూడా పరిశీలిస్తున్నారు. ఆ ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టాలి. అపాయింట్‌మెంట్ తీసుకున్న డీఎస్‌-160 సంఖ్య, మీరు పట్టుకెళ్ళే కాగితం మీది సంఖ్య ఒకటే కావాలి. తప్పు దిద్ది కొత్తది నింపితే అపాయింట్‌మెంట్‌లో కూడా సంఖ్య మార్చండి.

అపాయింట్‌మెంట్లు రెండు. వేలిముద్రలు, ఫొటో కోసం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా కేంద్రానికి వెళ్ళాలి. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా మూడూ దీని పరిధిలోనివే. 2025 సెప్టెంబర్ నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు బాగా తగ్గిపోయాయి. పౌరసత్వం ఉన్న దేశంలోనో, నివసిస్తున్న దేశంలోనో దరఖాస్తు చేయాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. కాబట్టి దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో తేదీ దొరికిందని పరుగెత్తే రోజులు పోయాయి. వీసా ముద్రపడిన పాస్‌పోర్టు చేతికొచ్చేదాకా ఉద్యోగానికి రాజీనామా చేయకండి, టికెట్లు కొనకండి.

తీసుకెళ్ళాల్సినవి: పాస్‌పోర్టు, డీఎస్‌-160 నిర్ధారణ పత్రం, పెళ్ళి సర్టిఫికెట్, శుభలేఖ, ఫొటోల ఆల్బమ్, భాగస్వామి ఐ-797, పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, ఇటీవలి జీతపు చీటీలు, డబ్ల్యూ-2 అనే వార్షిక జీతపు పత్రం. ఆల్బమ్‌లో ఇద్దరి ఫొటోలతోపాటు ఇరువైపుల బంధువులు కనిపించేవి ఉండాలి.

ఇంటర్వ్యూ చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే అయిపోతుంది. సంబంధం ఎలా కుదిరింది, ఎప్పుడు మొదట కలిశారు, ఆయన ఏ కంపెనీలో ఏం పని చేస్తారు, ఏ ఊళ్ళో ఉంటారు వంటివి అడుగుతారు. ఇంగ్లీషులో తడబడతామనుకుంటే తెలుగులో మాట్లాడతామని చెప్పవచ్చు. జవాబులు బట్టీ పట్టించే ఏజెంట్ల దగ్గరికి వెళ్ళకండి. అల్లిన కథ కంటే “తెలియదు” అనే నిజం వెయ్యి రెట్లు నయం. కల్పిత పత్రమో అబద్ధమో బయటపడితే ఆ ఒక్క వీసాతో పోదు, అమెరికా ప్రవేశంపై శాశ్వత నిషేధం పడుతుంది. 221(జి) కాగితం ఇస్తే కంగారుపడకండి. ఇంకా ఏదో పత్రమో పరిశీలనో మిగిలి ఉందని దాని అర్థం.

గ్రీన్‌కార్డు, పౌరుల దారిలో వెళ్ళేవారి ఇంటర్వ్యూ సాధారణంగా ముంబైలో జరుగుతుంది. ఐ-130 ఆమోదం పొందాక కేసు జాతీయ వీసా కేంద్రానికి వెళ్తుంది. అక్కడ 325 డాలర్ల వీసా రుసుము, 120 డాలర్ల పోషణ పత్రం రుసుము కట్టి డీఎస్‌-260 అనే ఆన్‌లైన్ దరఖాస్తు నింపాలి. భాగస్వామి ఐ-864 అనే ఆ పోషణ పత్రం ఇవ్వాలి, ఆదాయం అమెరికా పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం ఉండాలి. చాలకపోతే మరొకరు ఉమ్మడి పూచీ ఇవ్వవచ్చు. పాస్‌పోర్టు సేవా కేంద్రం నుంచి పోలీసు క్లియరెన్సు, అనుమతి పొందిన వైద్యుల దగ్గర పరీక్షలు, టీకాలు ఉంటాయి. జనన ధ్రువపత్రం లేనివాళ్ళు, ముఖ్యంగా పల్లెల్లో ఇంటి దగ్గరే పుట్టినవాళ్ళు, మున్సిపాలిటీ లేదా మండల కార్యాలయం నుంచి నమోదు లేదన్న పత్రం, దానికి తోడు తల్లిదండ్రుల ప్రమాణపత్రాలు, పదో తరగతి మెమో సిద్ధం చేసుకోవాలి. ఇది నెలలు తినే పని, ఐ-130 వేసిన రోజే మొదలుపెట్టండి. వీసా వచ్చాక యూఎస్‌సీఐఎస్‌కు ఇంకో 235 డాలర్లు కట్టాలి.

ఆరో అడుగు: దిగాక మొదటి వారం

విమానాశ్రయం దాటిన రోజే ఐ-94 పత్రాన్ని ఆన్‌లైన్‌లో తీసి చూడండి. అక్కడ ఉండటానికి మీకున్న గడువు దీనిమీదే ఉంటుంది, వీసా స్టాంపు మీద కాదు. మా చెల్లెలికి వీసా రెండేళ్ళకు పైగా ఉన్నా పాస్‌పోర్టు గడువు దగ్గరపడిందని ఐ-94 ఎనిమిది నెలలకే ఇచ్చారు. వారం తర్వాత అనుకోకుండా చూసింది కాబట్టి సరిపోయింది. పాస్‌పోర్టు గడువు తక్కువుంటే ఇక్కడే కొత్తది తీసుకుని బయల్దేరండి.

భర్త హెచ్‌-1బి పొడిగించినప్పుడు మీ హెచ్‌-4 దానంతటదే పొడిగింపు కాదు. మీ పేరు మీద ఐ-539 వెళ్ళిందో లేదో రసీదు చూసి నిర్ధారించుకోండి. కంపెనీ న్యాయవాదులు చూసుకుంటారని వదిలేయకండి. ఈఏడీ ఉన్నవాళ్ళు దాని పొడిగింపు విషయంలో మరింత మెలకువగా ఉండాలి. 2025 అక్టోబర్ 30న గానీ ఆ తర్వాత గానీ వేసిన దరఖాస్తులకు మునుపటిలా దానంతటదే గడువు పెరిగే వెసులుబాటు పోయింది. కొత్త కార్డు రాకముందే పాతదాని గడువు తీరితే ఆ రోజు నుంచే పని ఆపాలి. భాగస్వామి ఉద్యోగం పోతే అక్కడ ఉండటానికి గరిష్ఠంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది, అది మీకూ వర్తిస్తుంది.

ఈఏడీ లేకుండా హెచ్‌-4కు సోషల్ సెక్యూరిటీ సంఖ్య రాదు. ఉమ్మడిగా పన్ను దాఖలు చేయడానికి డబ్ల్యూ-7 దరఖాస్తు ద్వారా ఐటిన్ అనే పన్ను సంఖ్య తీసుకోవచ్చు.

ఏడో అడుగు: మీ కాగితాలు మీ దగ్గరే

ఇది వెళ్ళే అమ్మాయిలకు, వాళ్ళ తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మీ పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్, భర్త ఐ-797 నకలు, మీ ఐ-94, చదువు పత్రాలు మీ సొంత ఈమెయిల్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి. అసలు పాస్‌పోర్టు మీ అల్మారాలో ఉండాలి. మీ పేరు మీద ఫోను, కొంచెమైనా డబ్బు ఉండాలి. హోదా భర్త మీద ఆధారపడి ఉన్నంత మాత్రాన హింసను భరించాల్సిన పనిలేదు. గృహహింసకు గురైన హెచ్‌-4 భార్యలు భర్త సంతకం లేకుండానే పని అనుమతికి దరఖాస్తు చేసే వీలు చట్టంలో ఉంది. అదే పరిస్థితిలో ఉన్న గ్రీన్‌కార్డుదారుల, పౌరుల భార్యలు తమ పిటిషన్ తామే వేసుకోవచ్చు. అక్కడ ప్రాణభయం ఉంటే 911, సలహా కోసం జాతీయ గృహహింస సహాయ నంబరు 1-800-799-7233. ఇక్కడి నుంచి తల్లిదండ్రులు జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్నారై విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. ఈ నంబర్లను అమ్మాయి ఫోనులోనూ అమ్మానాన్నల ఫోనుల్లోనూ బయల్దేరే ముందే నమోదు చేసుకోండి.